గాలి కింద గొంతు

మా ఆయన గొంతు పోతుందని మాకు ముందే చెప్పారు. ఎప్పుడు పోతుందో మాత్రం చెప్పలేదు.

అది 2016 వసంతం. ఇంగ్లాండులో కోవెంట్రీ ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్ట్ గది చాలా చిన్నది. ఆయన, నేను, మా అమ్మాయి పక్కపక్కన కూర్చుంటే ఎదురుగా ఉన్న ఆమె మోకాళ్ళకు మా మోకాళ్ళు తగిలేవి. కండరాలను నడిపే నరాలు చచ్చుబడే మోటార్ న్యూరాన్ జబ్బు కొందరికి చేతుల్లో మొదలవుతుంది, కొందరికి కాళ్ళలో. ఆయనకు నాలుకలో మొదలైంది. అప్పటికే మాట ముద్దగా వచ్చేది. ఆయన నడిపే సిటీ బస్సు ఎక్కినవాళ్ళు తాగి నడుపుతున్నాడని ఫిర్యాదు చేసేవరకూ వచ్చింది. ఆ తర్వాత ఆయన బస్సు నడపడం మానేశారు.

గొంతు ఉండగానే దాచుకోవచ్చని థెరపిస్ట్ చెప్పింది. కంప్యూటర్ ముందు కూర్చుని వందల కొద్దీ వాక్యాలు చదివితే, వాటినుంచి అది ఆయన గొంతు లాంటి గొంతు తయారుచేస్తుందట. తర్వాత ఆయన టైపు చేస్తే అది పలుకుతుంది. ఆయన అంతా విని ఒక్క మాట అడిగారు.

"తెలుగులో?"

మా అమ్మాయి ఆ మాటను ఇంగ్లీషులో చెప్పింది. థెరపిస్ట్ స్క్రీన్ వైపు చాలాసేపు చూసి సారీ అంది. ఇంగ్లీషు ఒక్కటే ఉంది.

ఇంటికి వెళ్ళే బస్సులో పై అంతస్తులో ముందు సీట్లో కూర్చున్నాం. తను నడపని బస్సు ఎక్కితే ఆయన అక్కడే కూర్చునేవారు.

"ఇంగ్లీషులో నేను మాటాడేదేవుంది? మూవ్ డౌన్ ద బస్ ప్లీజ్, అంతేగా. రేపు మంచవెక్కాక నీకూ అదే చెప్పనా?" అన్నారు.

మా అమ్మాయి పకపకా నవ్వింది. తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంకో దారి ఉందని మరుసటి వారం తెలిసింది. సొంత భాషలో ఒక్కో మాటా రికార్డు చేసి, ఒక్కోదాన్నీ ఒక్కో బటన్ వెనక పెట్టుకోవచ్చు. ఏ భాషైనా ఫరవాలేదు. కానీ ఆ మాట నోటినుంచి వచ్చి ఉండాలి. రానిది తర్వాత తయారుచేయడం కుదరదు. వేసవి దాటనివ్వకండి అని థెరపిస్ట్ గట్టిగా చెప్పింది.

నేను పదో తరగతి వరకే చదివాను. తర్వాతి చదువంతా కోవెంట్రీ లైబ్రరీలోనే. ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో నా డ్యూటీ పొద్దున కొంత, సాయంత్రం కొంత ఉండేది. మధ్యలో ఇంటికి వెళ్ళి రావడానికి టైము చాలదు. బయట చలి. లైబ్రరీలో వెచ్చగా ఉంటుందని మొదట వెళ్ళాను. పిల్లల అల్మరా దగ్గర మొదలుపెట్టి, కొన్నేళ్ళకు మెట్లెక్కి పైకి చేరాను. నక్షత్రాల గురించి, రొట్టె పులియడం గురించి, ఇంగ్లాండు కాలవల గురించి, చేతికి ఏది దొరికితే అది చదివాను. ఆయన జబ్బుకి పేరు పెట్టిన రోజు, ఆ పేరు మీద అక్కడ ఉన్న రెండు పుస్తకాలూ తెచ్చుకున్నాను. కన్సల్టెంట్ డాక్టరు బొమ్మ గీసి నరాల గురించి చెబుతుంటే నేను మధ్యలో అడ్డొచ్చి ప్రశ్న వేశాను. డాక్టరుగారు పెన్ను ఆపి, మీరు నర్సా అని అడిగారు. కాదు, చదువుకున్నాను అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అనాల్సి వచ్చిన చోటు అది.

ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద రికార్డర్ పెట్టాం. అది చూడగానే మా ఆయన రేడియోలో వార్తలు చదివేవాడైపోయారు. వెన్ను నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుని, "నాకు మంచినీరు కావలెను" అన్నారు.

"డాడ్, నువ్వెప్పుడూ అలా అనవు!" అంది అమ్మాయి. ఈ ఒక్క వాక్యం తెలుగులో అన్నదంటే ఎంత కంగారు పడిందో చూడండి.

"మరెలా అంటానే?"

"ఐ డోంట్ నో. నార్మల్‌గా."

నార్మల్‌గా రాలేదు. ఎన్ని సాయంత్రాలు కూర్చున్నా మంచినీరు కావలెను దగ్గరే ఆగిపోయాం. ఆయన తనంతట తను మాట్లాడే చోటికి తీసుకెళ్ళండి, రికార్డర్ పక్కన పెట్టి దాన్ని మర్చిపోండి అని థెరపిస్ట్ సలహా ఇచ్చింది.

ఆయన తనంతట తను మాట్లాడే విషయం ఒకటే ఉంది. పడవలు. మా మామగారు కోనసీమ కాలవల్లో, గోదావరి మీదా తెరచాప పడవ నడిపేవారు. కొబ్బరికాయలు, ఇటుకలు, పెళ్ళివారి సామాను, ఏదైనా వేసుకుని వెళ్ళేవారు. బడి లేని రోజులన్నీ మా ఆయన ఆ పడవలోనే పెరిగారు. లారీలు వచ్చి పడవ అమ్మేసేదాకా అదే ఆయన లోకం. నాకప్పుడు లైబ్రరీలో చూసిన ఒక పెద్ద బొమ్మల పుస్తకం గుర్తొచ్చింది. తూర్పున నార్ఫోక్‌లో చిన్న చిన్న నదులు, వాటిమీద నల్ల తెరచాప పడవలు. ఒక బొమ్మలో ఒకతను పొడుగాటి గడను భుజానికి ఆనించి, పడవ అంచు మీద ముందునుంచి వెనక్కి నడుస్తున్నాడు. ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.

"ఒసే, ఇది మన గడే కదే! భుజం చూడు, భుజం ఎలా పెట్టాడో చూడు. ఆడికి కాయ కాసుంటదక్కడ. మా నాన్నకీ ఉండేది..."

అరగంట మాట్లాడారు. రికార్డర్ బీరువాలో ఉంది.

అలా వెళ్ళాం నార్ఫోక్‌కి. అలాంటి పాత పడవను కాపాడుకుంటున్న కొందరు వాలంటీర్లు వేసవిలో జనాన్ని ఎక్కించుకుని, రాత్రుళ్ళు అందులోనే పడుకోబెట్టి, మూడు రోజులు నది మీద తిప్పుతారు. జబ్బు సంగతి చెబితే, మెట్లు దిగగలిగితే చాలు రమ్మన్నారు. అప్పటికి ఆయన కాళ్ళు బాగానే ఉన్నాయి. చేతులే కొంచెం సన్నబడ్డాయి.

పడవ రేవులో ఉంది. దాని తెరచాప తెల్లగా ఉంది.

"నీ పుస్తకంలో నల్లదుంది, ఇక్కడ తెల్లదుంది. ఎనక్కిచ్చెయ్, తప్పు పుస్తకం" అన్నారు ఆయన.

సరుకులు మోసే పడవలకే నల్లది, ఇది దొరలు షికారుకు కట్టించుకున్న రకం అని నేను చెప్పాను. అదీ పుస్తకంలోదే. పడవ సరంగు ఒక పెద్దావిడ, రిటైరైన టీచరు. నేనేం చెబుతున్నానో మా అమ్మాయిని అడిగి తెలుసుకుని, కరెక్ట్ అని నా చెయ్యి ఊపింది. నాకు ఆ పూటంతా కడుపు నిండినట్టే ఉంది.

అందరూ పేర్లు చెప్పుకున్నారు. పడవ మీద పేర్లతోనే పిలుచుకుంటాం, ప్రమాదం వచ్చినప్పుడు ఏయ్ అంటే ఎవరూ తిరగరు అని ఆవిడ నవ్వింది. మా ఆయన తన పేరు చెప్పి, నా వైపు చెయ్యి చూపించి, "మై వైఫ్" అన్నారు.

"సరే, పేరు?"

ఆయన నా వైపు చూశారు. నేనే చెప్పాను. జబ్బు వల్ల పలకలేకపోయారనుకుని ఆవిడ మొహం మెత్తబడింది. మా అమ్మాయికి అది నచ్చలేదు.

"నో, హీ కెన్ సే ఇట్. అనడు, అంతే. అమ్మ కూడా నాన్న పేరు అనదు" అని ఆవిడకి ఇంగ్లీషులోనే చెప్పింది.

"ఇన్నేళ్ళూ పేరు లేకుండానే నడిచిందా?" అంది ఆవిడ.

ఆయన ముద్దగా, మెల్లగా అన్నారు. "షీ ఆల్వేస్ కమ్స్."

నిజమే. ఆయన నన్ను పిలిచేది "ఇదిగో" అని. లేట్ షిఫ్ట్ నుంచి వచ్చి, తాళం తిప్పకముందే తలుపు బయటినుంచి ఒక ఇదిగో వినిపించేది. నేను పప్పు కింద స్టవ్ వెలిగించేదాన్ని. షాపులో, చర్చిలో, రైల్వే స్టేషన్లో ఎంతమంది ఉన్నా ఆ ఇదిగోకి నేనొక్కదాన్నే తిరిగేదాన్ని.

మొదటి రోజు బ్యూర్ నదిలో గాలి బాగా ఉంది. రికార్డర్‌ని కేబిన్ కప్పు మీద తాడుతో కట్టి, ఆన్ చేసి, ఆయనకు టీ తేవడానికి కిందికి దిగాను. ఆయనకు పల్చటివి మింగుడు పడేవి కావు, గొంతుకు అడ్డంపడేవి. టీలో ఒక పొడి కలిపి చిక్కగా చేయాలి. ఉండలు కట్టకుండా కలుపుతుంటే పైనుంచి పిలిచారు.

"ఇదిగో! రావే, ఇటు రా!"

చెంచా చేతిలో ఉండగానే పైకి పరిగెత్తాను. తెరచాప పైకి లేచి గాలి నింపుకుంది. పడవ ఒక పక్కకు ఒరిగి, చప్పుడు లేకుండా ముందుకు కదిలింది. ఆయన కళ్ళు నా మీద లేవు, తెరచాప చివర ఉన్నాయి. నేను చూశానో లేదో తెలుసుకోవడానికి ఒక్కసారి మాత్రం నావైపు తిరిగారు.

ఆ రోజు ఆయన నోరు ఆగలేదు. కాలవలో ఎదురుపడవ వస్తే ఎవరు తప్పుకోవాలి, పడవ మీద పులుసు ఎలా కాచేవారు, వాళ్ళ నాన్న కోపం, తను నీళ్ళలో పడ్డ కథలు. సాయంత్రం రెల్లు గడ్డి పక్కన పడవ కట్టాక, అంతా విందామని రికార్డర్ పెట్టాం. గాలి. అంతా గాలే. బరబరమని, గోనెసంచి ఈడ్చినట్టు. ఆ గాలి అడుగున ఎక్కడో ఎవరో మాట్లాడుతున్నట్టుంది గానీ మాట తెలియడం లేదు.

నేను చదివిన ఏ పుస్తకంలోనూ మైకు మీద గాలి సంగతి లేదు. మా అమ్మాయి మొహం వేలాడేసింది. సరంగు లోపలికి వెళ్ళి ఒక ఊలు సాక్సు పట్టుకొచ్చి రికార్డర్‌కి తొడిగింది. రేపు పనిచేస్తుంది చూడండి అంది.

"ఉతికిందేనా అడుగు" అన్నారు ఆయన.

రెండో రోజు గాలి పడిపోయింది. పక్క నది యాంట్ మీద ఒక వంతెన కిందనుంచి వెళ్ళాలి. తెరచాప దించి, తెరచాప కట్టే ఆ ఎత్తైన కొయ్యను సరంగు కింద పనిచేసే పడవ మనిషి ఒక్కడే నెమ్మదిగా పడుకోబెట్టాడు. కొయ్య మొదట్లో సీసం బరువు ఉంటుంది, తూకం మీద అదే వంగుతుంది. మేం తలలు వంచుకుని చీకట్లోంచి వెళ్ళాం. అవతల కొయ్య మళ్ళీ లేచింది.

"మా పడవకి ఇది లేదు. నలుగురు పట్టాలి. ఒకసారి నాన్న కాలి మీద పడింది" అన్నారు ఆయన. ఆ మాటలు సాక్సులోకి చక్కగా వెళ్ళాయి.

వంతెన దాటాక చెట్ల మధ్య గాలి అసలు లేదు. పడవ మనిషి గడ తీశాడు. అది చూడగానే ఆయన లేచి నిలబడ్డారు.

"డాడ్, నో. ప్లీజ్."

"ఒక్కసారే అమ్మా."

సరంగు ఆలోచించి సరేనంది. పడవ మనిషి ఆయన బెల్టు వెనకనుంచి పట్టుకున్నాడు. ఆయన గడ నీళ్ళలో దించి, చివర ఉన్న కొయ్య గుండును భుజానికి ఆనించి, ముందుకు వంగి నడిచారు. నాలుగు అడుగులు సరిగ్గా పడ్డాయి. పడవ కదిలింది. నాకు పెళ్ళైనప్పటినుంచీ తెలిసిన మనిషి అలా నడవగలడని నాకు తెలియదు. అయిదో అడుగులో గడ బురదలో దిగబడిపోయింది. లాగే బలం చేతుల్లో లేదు. పట్టుకుని ఉంటే నీళ్ళలో పడతారు. వదిలేశారు. గడ నదిలో నిటారుగా నిలబడింది. పడవ ముందుకు వెళ్ళిపోయింది.

పడవ మనిషి నవ్వాడు. ఆయనా నవ్వారు. నవ్వు ఆగలేదు. ఈ జబ్బులో నవ్వు మొదలైతే ఆగదని, అదే ఏడుపులోకి జారుతుందని నేను చదివాను. చదివింది కళ్ళముందు చూస్తే ఎలా ఉంటుందో చదవలేదు. ఆయన భుజాలు అదురుతుంటే మిగతావాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. అది నవ్వు కాదని ముందు నాకు తెలిసింది. తర్వాత మా అమ్మాయికి. నేను ఆయన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. పడవ మనిషి చిన్న దోనె వేసుకుని గడ కోసం వెనక్కి వెళ్ళాడు.

కొంచెం కుదుటపడ్డాక ఆయన ఒక సంగతి చెప్పారు. మలుపు దగ్గర ఎదురు పడవలకు తెలియాలని వాళ్ళ నాన్న ఒక కేక వేసేవారట. ఒక్కో పడవకి ఒక్కో కేక. ఊరి ముందు మలుపులో ఆ కేక వినబడితే ఒడ్డున ఇంట్లో మా అత్తగారు ఎసరు పెట్టేవారట. పడవ కట్టి, సరుకు దింపి, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అన్నం ఉడికేది.

"ఎలా అరిచేవారు?" అని మా అమ్మాయి తెలుగులో అడిగింది.

మా ముందు ఒక మలుపు వచ్చింది. ఆయన ఊపిరి తీసుకుని అరిచారు. "ఓ... హోయ్... ఓ..." అని. మధ్యలో విరిగింది, అయినా పొడుగ్గా వచ్చింది. మలుపు అవతలనుంచి ఒక మోటారు పడవ పాం అని జవాబిచ్చింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆయనకు దగ్గు వచ్చి చాలాసేపు ఆగలేదు. ఆ కేక మా దగ్గర ఉంది. దగ్గు కూడా ఉంది.

మూడో రోజు ఆయన గొంతు బొంగురుపోయింది. చుక్కాని దగ్గర సరంగు పక్కన కూర్చున్నారు. నేను రికార్డర్ పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఇంకా చాలా మాటలు మిగిలి ఉన్నాయి. నొప్పిగా ఉంది. పక్కకు తిప్పు. లైటు తీసెయ్. అమ్మాయికి ఫోన్ చెయ్యి. ఒక్కొక్కటీ అడిగి అనిపించాను. అన్నీ మామూలుగానే అన్నారు, ఇంట్లో అన్నట్టే. చివరకు, "చాలు. ఇంక ఆపు. కాసేపు ఊరికే మాటాడుకుందాం" అన్నారు.

ఆపేశాను. తర్వాత మేం మాట్లాడుకున్నది ఎక్కడా లేదు. ఇక్కడా రాయను.

క్రిస్మస్ నాటికి గొంతు పూర్తిగా పోయింది. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన యంత్రాన్ని మేం పలక అనేవాళ్ళం. అందులో వరసగా బటన్లు, ఒక్కో బటన్ వెనక ఆయన మాట. మంచినీళ్ళు బొమ్మ నొక్కితే, "కొంచెం నీళ్ళియ్యవే" అని ఆయనే అనేవారు. రాత్రి ప్రార్థన అయ్యాక ఒక ఆమెన్ ఉండేది. మేం బాగా చేశామనే అనుకున్నాం.

ఒక సాయంత్రం నేను వంటగదిలో ఉన్నాను. ముందుగది నుంచి ఎవరో ఇంగ్లీషు మగవాడు నన్ను పేరు పెట్టి పిలిచాడు. తలుపు వేసే ఉంది. భయపడుతూ వెళ్ళాను. ఆయన పలక ముందు కూర్చుని ఉన్నారు. నన్ను పిలవడానికి పలకలో ఏ బటనూ కనిపించక, నా పేరు టైపు చేశారు. యంత్రం దాని సొంత గొంతుతో చదివింది. మా పెళ్ళయ్యాక ఆయన నా పేరు అనడం అదే మొదటిసారి, అన్నది ఆయన కాదు. ఆయన తల అడ్డంగా ఊపి పలకను పక్కకు నెట్టేశారు. మళ్ళీ టైపు చెయ్యలేదు. అప్పటినుంచి అవసరమైతే చెంచాతో కుర్చీ చెయ్యి మీద కొట్టేవారు.

లీడ్స్‌లో చదువుకుంటున్న మా అమ్మాయికి ఫోన్లో చెప్పాను.

"మమ్, వుయ్ నెవర్ రికార్డెడ్ హిమ్ కాలింగ్ యూ."

మనిషి ఎదురుగా ఉంటే ఎవరు పిలుస్తారు? నేను రికార్డర్ పట్టుకుని పడవలో ఆఖరి రెండు రోజులూ ఎదురుగానే కూర్చున్నాను. బటన్ల వెనక ఉన్న ప్రతి మాటా నేను అడిగితే అన్నదే. పిలుపు అడిగితే వచ్చేది కాదు, ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

రెండు వారాల తర్వాత అమ్మాయి ఇంటికి వచ్చింది. బ్యాగు కూడా దించకుండా పలక తీసుకుని ఏదో చేసింది. పడవ ఫోటోతో ఒక కొత్త బటన్ కనిపించింది. "నువ్వు కిచెన్‌లోకి వెళ్ళు" అని నన్ను తోసింది.

వెళ్ళాను. ముందుగదిలో గాలి లేచింది. బరబరమని, తాళ్ళు కొయ్యకు కొట్టుకుంటున్న చప్పుడుతో. మొదటి రోజు గాలి. దాని అడుగునుంచి, చాలా దూరంలో ఉన్నట్టు,

"ఇదిగో!"

గరిటె చేతిలో ఉండగానే పరిగెత్తాను. ఆయన వేలు ఇంకా బటన్ మీదే ఉంది. నేను వచ్చానో లేదో అని ఒక్కసారి ఇటు తిరిగారు.

గాలిని తీసేద్దామని అమ్మాయి ఎన్నో విధాల ప్రయత్నించింది. గాలి తీస్తే గొంతూ పోతోంది. అలాగే ఉంచాం. ఆ చలికాలమంతా మా ఇంట్లో రోజుకు ఎన్నోసార్లు నార్ఫోక్ గాలి వీచేది. చూడ్డానికి వచ్చిన మా చర్చి అయ్యగారు ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి, "ఏంటమ్మా ఆ గాలి? కిటికీ వేసుకోండి" అన్నారు.

"కిటికీ కాదండి, ఆయన పిలుస్తున్నారండి" అన్నాను.

మరుసటి ఏడాది వేసవి రాకముందే ఆయన వెళ్ళిపోయారు. కొన్ని వారాలకు పలక వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది, దాని కోసం ఇంకెవరో ఎదురుచూస్తున్నారు. ఇచ్చేముందు అమ్మాయి అన్నీ తన దగ్గర దాచుకుంది. పడవ బటన్ వెనకది ఒక్కటి నా ఫోన్‌లో కూడా పెట్టింది. ఎక్కడ నొక్కాలో చూపించింది.

నేను నొక్కలేదు. మా మామగారి కేక, మా ఆయన చెప్పిన పడవ కథలు అప్పుడప్పుడు అమ్మాయీ నేనూ వింటాం, నవ్వుతాం. ఇది మాత్రం వినను. అది వింటే లేచి వెళ్ళాలి. నేనే నొక్కి, లేచి, ఏ గదిలోకి వెళ్ళను?

లైబ్రరీకి ఇప్పటికీ వెళ్తాను. గాలి గట్టిగా ఉన్న రోజు వెనక గార్డెన్‌లో దుప్పట్లు ఆరేస్తుంటే, తాడు మీద దుప్పటి ఉబ్బి బరబరమంటుంది. క్లిప్పు చేతిలో పట్టుకుని కాసేపు ఆగుతాను. పలకలోనూ గాలే ముందు వచ్చేది. ఆ తర్వాత ఇంకేమీ రాకపోతే, మిగతా బట్టలు ఆరేస్తాను.